కొత్త బ్యాటరీ వేసినా ఆ ఎర్రబొమ్మ ఎందుకు వెలుగుతోంది?

ప్రశ్న: మాది 2013 మోడల్ పెట్రోల్ కారు. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. గుంటూరు లక్ష్మీపురం నుంచి విజయవాడలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి రోజూ నేనే నడుపుకుంటూ వెళ్లొస్తాను. ఆరు నెలల కిందటే కొత్త బ్యాటరీ వేయించాం. నెల రోజులుగా సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు, ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉండి సిగ్నల్ దగ్గర ఆగితే, డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ మసగ్గా వెలుగుతోంది. కాస్త యాక్సిలరేటర్ తొక్కితే పోతోంది. వాన పడిన రోజు స్టార్ట్ చేయగానే బానెట్ లోంచి కీచుమని చప్పుడు. పోయిన వారం మంగళగిరి దాటాక నాలుగైదు లైట్లు ఒకేసారి వెలిగి స్టీరింగ్ బరువెక్కింది. ఎలాగో ఇల్లు చేరాను కానీ మర్నాడు సెల్ఫ్ తీసుకోలేదు. షెడ్డులో మెకానిక్ ఇంకో బ్యాటరీతో స్టార్ట్ చేసి, ఇంజన్ నడుస్తుండగానే నా బ్యాటరీ వైరు పీకి, ‘చూశారా, బండి ఆగలేదు. డైనమో బాగుంది, బ్యాటరీయే పోయింది’ అన్నాడు. బ్యాటరీ షాపు వాళ్లేమో ‘మా బ్యాటరీ బాగుంది, డైనమో మార్చండి’ అంటున్నారు. మా వారు అసలు కారే మార్చేద్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలి? రాత్రిపూట దారిలో ఆ లైటు వస్తే ఇల్లు చేరగలనా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావి నింపాదిగా చూసుకోవచ్చు, ఇది మాత్రం రేపు సాయంత్రమే అవసరం పడొచ్చు.

దారిలో ఆ ఎర్రబొమ్మ వెలిగితే ముందు చూడాల్సింది టెంపరేచర్ ముల్లు. చాలా కార్లలో కరెంటు పుట్టించే డైనమోని తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. ఆ బెల్టు తెగితే ఛార్జింగ్‌తో పాటు ఇంజన్‌కి నీళ్లు తిరగడమూ ఆగిపోతుంది. ముల్లు పైకి లేస్తుంటే ఇంకేం ఆలోచించకుండా ఎడమ పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. అలాగే ఇంకో రెండు కిలోమీటర్లు లాగితే ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు పోతుంది, అప్పుడు మీ వారి మాటే నెగ్గుతుంది.

ముల్లు మామూలుగానే ఉంటే ఏసీ, బ్లోయర్, పాటలు, ఫోన్ ఛార్జర్, వెనకద్దం హీటర్ అన్నీ ఆపేయండి. హెడ్‌లైట్లు మాత్రం ఆపకండి. రాత్రిపూట హైవే మీద కరెంటు పొదుపు చేద్దామని చీకట్లో వెళ్లేవాళ్లను చూశాను, అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కాజ టోల్‌గేటు దగ్గర టీ కోసం ఇంజన్ ఆపడం కూడా వద్దు, ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోకపోవచ్చు.

ఎంత దూరం వస్తుందంటారా? లెక్క చూడండి. పెట్రోల్ పంపు, కాయిళ్లు, ఇంజెక్టర్లు, కంప్యూటర్ కలిపి సుమారు 10 యాంపియర్లు తాగుతాయి. హెడ్‌లైట్లు, వెనక లైట్లు ఇంకో 10, 12. రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా మరో 10 పైన. చిన్న పెట్రోల్ కార్లకు వచ్చే బ్యాటరీ 35 యాంపియర్ అవర్లు, అంటే లెక్క ప్రకారం 35 యాంపియర్లను గంటసేపు ఇచ్చేది. అది నిండా ఛార్జింగ్‌తో ఉంటే, ఏసీ ఆపేసుకుంటే, గంటసేపు వస్తుందనుకోవచ్చు. కానీ మీ బ్యాటరీకి నెల రోజులుగా సరిగ్గా తిండి లేదు. కాబట్టి అరగంటకు మించి దాని మీద ఆశ పెట్టుకోకండి. కాజ నుంచి లక్ష్మీపురానికి ట్రాఫిక్ లేకపోతే ఆ అరగంటే పడుతుంది. స్టీరింగ్ బరువెక్కినా చక్రాలు తిరుగుతాయి, బలం పెట్టి తిప్పాలంతే. లైట్లు బాగా మసకబారి ఇంజన్ దగ్గడం మొదలైతే మాత్రం ఇక సాగదీయొద్దు. పక్కన ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, 1033కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద సాయానికి పెట్టిన నంబర్ అది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ బొమ్మ ఆకారం చూసి అందరూ ‘బ్యాటరీ పోయింది’ అనుకుంటారు. ఆ బొమ్మ గీసినవాణ్ని పట్టుకుని అడగాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఇంజన్ నడుస్తుండగా అది వెలిగిందంటే, ఛార్జింగ్ సరిగ్గా రావడం లేదని అర్థం. బ్యాటరీ ముసలిదైనా ఆ లైటు మామూలుగా వెలగదు. బ్యాటరీ పొద్దున్నే సెల్ఫ్ కొట్టడానికి కావాలి. బండి కదిలాక లైట్లకీ, ఏసీకీ, కంప్యూటర్‌కీ కరెంటు ఇచ్చేదీ, బ్యాటరీని తిరిగి నింపేదీ డైనమోయే. ఆల్టర్నేటర్ అనాలి నిజానికి, కానీ ఆటోనగర్‌లో ఆ మాట ఎవరూ అనరు, నేనూ డైనమో అనే రాస్తాను.

పాత పద్ధతిలో ఆ లైటును ఎలా కలిపేవాళ్లో చెప్తే మీకు మసక వెలుతురు సంగతి అర్థమవుతుంది. బల్బుకు ఒక కొస బ్యాటరీ వైపు, రెండో కొస డైనమో వైపు ఉంటుంది. ప్రకాశం బ్యారేజీకి రెండు వైపులా నీటి మట్టం సమానంగా ఉందనుకోండి, గేటు ఎత్తినా నీరు కదలదు. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే బల్బులోనూ కరెంటు కదలదు, వెలగదు. తాళం తిప్పి స్టార్ట్ చేయకముందు డైనమో వైపు ఖాళీ కాబట్టి బల్బు నిండుగా వెలుగుతుంది. స్టార్ట్ చేశాక ఆరిపోతుంది. డైనమో సగం సగం పని చేస్తే మట్టాల్లో కొంచెం తేడా, మసక వెలుగు. ఇప్పటి కార్లలో డైనమో వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటరో, కంప్యూటరో ఆ లైటును వెలిగిస్తోంది కానీ చెప్పే కబురు అదే. తాళం తిప్పినప్పుడు ఆ లైటు అసలు వెలగకపోతే అదీ మంచిది కాదు. ఆ బల్బు లోంచి వెళ్లే కొద్దిపాటి కరెంటుతోనే మేలుకునే డైనమోలు ఉన్నాయి.

మంగళగిరి దగ్గర లైట్లన్నీ ఒకేసారి రావడం చూసి మీరు భయపడి ఉంటారు. బ్రేకు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్, ఇంజన్, ఇవన్నీ ఒకే నిమిషంలో చెడిపోవు. వోల్టేజీ పడిపోయేసరికి ఒక్కో కంప్యూటరూ ‘నాకు కరెంటు చాలడం లేదు’ అని మొత్తుకోవడమే అది. అందరికంటే ఎక్కువ కరెంటు లాగేది ఎలక్ట్రిక్ స్టీరింగ్, అందుకే అది ముందు చేతులెత్తేసింది. ఏబీఎస్ సెన్సర్ మార్చాలనీ, స్టీరింగ్ మోటార్ పోయిందనీ ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ముందు ఛార్జింగ్ బాగు చేయించండి, చాలావరకు ఆ లైట్లు వాటంతట అవే పోతాయి.

మెకానిక్ వైరు పీకిన సంగతి చదివి నాకు ఒళ్లు మండింది. అంబాసిడర్లు, పాత జీపులు తిరిగే రోజుల్లో మేమూ అలా చేశాం. అప్పుడు బండిలో కంప్యూటర్ లేదు, పాడవడానికి ఏమీ లేదు. ఇప్పుడు బ్యాటరీ అంటే కరెంటు దాచే డబ్బా మాత్రమే కాదు, ఎగుడుదిగుళ్లను మింగేది కూడా అదే. ఇంజన్ నడుస్తుండగా దాన్ని పీకితే రెప్పపాటులో వోల్టేజీ 40, 60 దాకా, ఒక్కోసారి ఇంకా పైకి ఎగిరి, కంప్యూటర్‌నో, డైనమోలో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లనో కాల్చేయవచ్చు. మీ అదృష్టం, బండి ఇంకా నడుస్తోంది. పైగా ఆ పరీక్ష వల్ల తెలిసేదేమీ లేదు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఆగి ఉన్నప్పుడు, ఇంజన్‌కి కావాల్సింది ఆ 10 యాంపియర్లే, సగం చచ్చిన డైనమో కూడా అంత ఇస్తుంది. మీ కష్టం వచ్చేది సాయంత్రం ఏసీ, లైట్లు, ఫ్యాన్ అన్నీ కలిసి 40 అడిగినప్పుడు. డైనమో మీద 70 యాంపియర్లని రాసి ఉన్నా, అంత వచ్చేది ఇంజన్ పరుగెత్తుతున్నప్పుడే. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో వచ్చేది అందులో సగానికి కాస్త అటూ ఇటూగానే. అది బలహీనపడితే ముందు బయటపడేది అక్కడే. యాక్సిలరేటర్ తొక్కితే లైటు పోతోందని మీరు రాసిన ఆ ఒక్క ముక్క నాకు ఆ రెండు షాపుల మాటల కంటే ఎక్కువ చెప్పింది.

దానికి తోడు వాన రోజు కీచుమనే చప్పుడు. నా మొదటి అనుమానం బెల్టు మీదే. బెల్టు వదులైనా, అరిగి నున్నబడినా, పుల్లీ మీద జారుతుంది. బెల్టు జారితే డైనమో తిరగాల్సినంత తిరగదు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా, తాళం చేతిలో పెట్టుకుని, బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. బెల్టు లోపలి వైపు గాడులుంటాయి. అవి కొత్తలో నల్లగా, గరుకుగా ఉంటాయి. అద్దంలా మెరుస్తున్నా, అడ్డంగా పగుళ్లు కనపడినా దాని పని అయిపోయినట్టే. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరుకు మించి లోపలికి పోతే వదులైనట్టు లెక్క. చప్పుడు పోవడానికి స్ప్రే కొడతామనో, సబ్బు రాస్తామనో అంటారు. వద్దు, రెండు రోజుల ముచ్చట అది. బెల్టు ఖరీదు వందల్లో ఉంటుంది, మార్చేయించండి. మార్చేటప్పుడు బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగ్‌ను చేత్తో తిప్పి చూడమనండి, గరగరమంటే దాన్నీ మార్చాలి. బెల్టు మీద ఆయిల్ మరకలుంటే ఆ లీకు ఎక్కడిదో చూడకుండా కొత్త బెల్టు వేయించడం దండగ.

ఇది అయ్యాక మీటరు. ఐదారు వందలకు డిజిటల్ మల్టీమీటర్ దొరుకుతుంది. మీరు ల్యాబులు చూసినవారే, దీనికి భయపడక్కర్లేదు. డయల్ డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర పిన్ను ప్లస్ మీద, నల్ల పిన్ను మైనస్ మీద ఆనించాలి. పైనున్న క్లాంపు మీద కాదు, సీసపు గుబ్బ మీదే. ఇంజన్ నడుస్తుండగా వంగేటప్పుడు చున్నీ, పైట కొంగు, జడ, చేతిగాజులు జాగ్రత్త. బెల్టు లాగిందంటే మనిషికి తెలిసేలోపే అయిపోతుంది.

రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే 12.6 చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉంది. 12.4 ఫరవాలేదు. 12.2 అంటే సగమే. 12 అంటే అడుగంటింది. తర్వాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని అంకెను కన్నార్పకుండా చూడండి. ఒక్క క్షణం కిందికి పడి లేస్తుంది. 10 దగ్గర ఆగితే మంచిది. 9 లోకి జారితే బ్యాటరీ అయినా బలహీనం, ఛార్జింగ్ అయినా లేదు. ఇంజన్ స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇప్పుడు మీ సాయంత్రం పరిస్థితి తెప్పించండి. హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ నాలుగో నంబర్, వెనకద్దం హీటర్ అన్నీ వేసి, రెండు నిమిషాలు ఆగి చూడండి. 13.5 కు తగ్గకూడదు. 12.5 కి వచ్చి ఇంకా దిగుతోందంటే డైనమో అందించలేక మిగతాది బ్యాటరీ లోంచి పోతోంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టిస్తే అంకె ఎంత లేస్తుందో కూడా రాసుకోండి. 15 దాటితే అది వేరే రోగం. రెగ్యులేటర్ పోయి ఎక్కువ ఛార్జింగ్ ఎక్కుతోంది, బ్యాటరీ వేడెక్కి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, బల్బులు టపటపా మాడతాయి. ఆ వాసన వస్తే బానెట్ దగ్గర అగ్గిపుల్ల గీయనివ్వకండి.

బెల్టు కొత్తదై, అంకె మాత్రం పెరగకపోతే అప్పుడే డైనమో విప్పనివ్వకండి. ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట తెనాలి నుంచి ఒకాయన సరిగ్గా ఇలాంటి కంప్లయింట్‌తోనే వచ్చాడు. బ్యాటరీ దగ్గర చూస్తే 12.9. డైనమో పోయిందని తేల్చేసి, వేరేది బిగించి పంపించాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు, అదే లైటు. అప్పుడు పట్టి పట్టి చూస్తే, ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ దొరికింది. పైన రబ్బరు తొడుగు శుభ్రంగా ఉంది. చేత్తో వంచగానే లోపల రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి, పొడిపొడిగా రాలిపోయాయి. డైనమోలో 14.3 పుడుతోంది, బ్యాటరీకి చేరేసరికి 12.9. మధ్యలో ఆ పట్టీ మింగేస్తోంది. డబ్బులు వెనక్కిచ్చి, అతని పాత డైనమోనే తిరిగి బిగించాను. అప్పటి నుంచి ముందు వైర్లు చూడకుండా డైనమో మీద స్పానర్ పెట్టలేదు.

ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. లైట్లు, ఏసీ వేసి ఇంజన్ నడుస్తుండగా మీటరు ఒక పిన్ను డైనమో వెనక లావు వైరు బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టించండి. 0.2, మహా అయితే 0.3 రావాలి. తర్వాత ఒకటి ఇంజన్ ఇనుము మీద, ఒకటి బ్యాటరీ మైనస్ మీద. ఇక్కడా 0.2 లోపే. ఎక్కడ ఎక్కువ వస్తే దొంగ అక్కడున్నాడు. ఇది మీరు చేయొద్దు, చేయి బెల్టు పక్కకు పోతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించి పక్కన నిలబడి అంకె చదవండి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే ఇంజన్ ఆపి, మైనస్ ముందు, ప్లస్ తర్వాత విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగించండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఆపైన కాస్త వాజెలిన్.

వైర్లు కూడా బాగుండి, అంకె ఇంకా తక్కువే చూపిస్తే అప్పుడు డైనమో విప్పాలి. విప్పినా ‘మొత్తం మార్చాలి’ అనే మాట వెంటనే ఒప్పుకోకండి. మీ బండి లక్ష దాటింది. లోపల రెండు కార్బన్ బ్రష్షులుంటాయి, పెన్సిల్ ముక్కల్లా అరుగుతూ వస్తాయి. చాలా డైనమోల్లో అవి రెగ్యులేటర్‌తో కలిసే వస్తాయి, విడిగా మార్చుకోవచ్చు. డయోడ్ ప్లేటులో ఒక డయోడ్ పోయినా ఛార్జింగ్ తగ్గుతుంది, మసక లైటూ వస్తుంది, రాత్రిపూట ఆపిన బండిలో బ్యాటరీ దిగిపోవడమూ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా మీటరును ఏసీ (చల్లబరిచే ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద చూస్తే అర వోల్టు దాటి చూపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో బ్రష్షులు, బేరింగులు, డయోడ్లు మార్చి డైనమోలు బాగు చేసే చిన్న షాపులు కావాల్సినన్ని ఉన్నాయి. వైండింగ్ కాలిన వాసన వస్తుంటే మాత్రం రిపేరు కంటే కొత్తదే మేలు.

బ్యాటరీ షాపు వాళ్ల మాట సగం నిజం. బ్యాటరీ మొదట బాగానే ఉండి ఉంటుంది, కానీ ఇలా మళ్లీ మళ్లీ అడుగంటిపోతే లోపల ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి కొత్తదైనా పాడవుతుంది. దాన్ని విప్పించి షాపులో రాత్రంతా 3, 4 యాంపియర్ల నెమ్మది ఛార్జింగ్ పెట్టించండి. ఖాళీ బ్యాటరీని మీ గుంటూరు-విజయవాడ ప్రయాణం నింపలేదు, ఆ బరువంతా డైనమో మీద పడి అదీ వేడెక్కుతుంది. ఛార్జింగ్ అయ్యాక కొన్ని గంటలు ఊరికే ఉంచి, ఎక్కువ కరెంటు లాగి చూసే లోడ్ టెస్టు చేయించి, స్లిప్పు తీసుకోండి. ఫెయిల్ అయితే వారంటీ కార్డు చూపించి అడగండి, ఆరు నెలల బ్యాటరీకి అడిగే హక్కు మీకుంది. మన ఎండల్లో బ్యాటరీ ఎలాగూ మూడు నాలుగేళ్లకు మించి రావడం అరుదు. మే నెలలో బయటే 45 డిగ్రీలుంటే బానెట్ లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి.

డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ లాంటివి బయట పెట్టించి ఉంటే అవీ చూపించండి. తాళం వేసిన బండి 50 మిల్లీయాంపియర్లకు మించి లాగకూడదు. అర యాంపియర్ లాగితే రోజుకు 12 యాంపియర్ అవర్లు, రెండు రోజులు సెలవిస్తే సోమవారం సెల్ఫ్ రాదు.

ఇది చదివే ఇతరులకు ఒక మాట. పైన ఇచ్చిన అంకెలు మామూలు డైనమో కార్లకు. కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్ తగ్గించి పెంచుతుంది, నడుస్తుండగా 12.8 చూపించినా రోగం కాకపోవచ్చు. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ లాంటి కొన్నింటిలో రెండో బ్యాటరీ కూడా ఉంటుంది. వాటిని స్కానర్ లేని షెడ్డులో విప్పించకండి.

మీ వారితో చెప్పండి, కారు మార్చే ఆలోచన చేయవచ్చు, కానీ బెల్టు మార్చాక. విప్పిన పాత బెల్టు, పాత బ్రష్షులు ఏవైనా సంచిలో వేసి ఇమ్మని అడగండి. ఇంటికి తెచ్చి టీపాయ్ మీద పెట్టి ఆయనకు చూపిస్తే, ఆ మెరిసే గాడులు చూసి ఆయనే ఇంకో మూడేళ్లు నడుపుదాం అంటారేమో.